బుట్ట చేతుల జాకెట్టు ఇంట్లోనే: కిటుకంతా చంక దగ్గరే ఉంది

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఆమె పెళ్ళినాటి జాకెట్టు ఒకటి ఉంది. సావిత్రి, జమునల కాలం నాటి కట్టింగ్, చిన్న బుట్ట చేతులు, పైకి ఉండే గుండ్రటి మెడ, ముందు హుక్కులు. ఇలాంటిది కుట్టుకోవాలని మీకూ ఉంటే, ముందు పాత జాకెట్టు ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని తిరగేసి చూడండి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, లోపలి కుట్లలోనే అంతా ఉంటుంది. నేను తిరగేసి టేపు పెట్టి కొలిస్తే రెండు సంగతులు కనిపించాయి. భుజం నుంచి భుజానికి 12 అంగుళాలే ఉంది, అమ్మమ్మ భుజాలు చూస్తే అంత తక్కువ ఉండకూడదు. రెండోది, చంక కింద, చేతి కుట్టూ పక్క కుట్టూ కలిసే చోట, రెండు వేళ్ళంత వెడల్పున చిన్న చదరపు ముక్క ఒకటి మూలకు తిప్పి అతికించి ఉంది. అప్పటికి ఆ రెండూ ఎందుకో నాకు తెలియదు, ఒక మంచి గుడ్డ పాడయ్యాక తెలిసింది. ఆ సంగతి కింద చెప్తాను.

ఇది మొదటిసారి మిషన్ ఎక్కేవాళ్ళ కోసం కాదు. మామూలు జాకెట్టు ఒకటైనా కుట్టి, కుట్టు వంకర పోకుండా తొక్కగలిగితే చాలు.

గుడ్డ గురించి. బుట్ట నిలబడాలంటే గుడ్డకు కాస్త బిర్రు ఉండాలి. కాటన్, వెంకటగిరి జాకెట్టు ముక్క, పట్టు, ఇవి నిలబడతాయి. జార్జెట్, షిఫాన్ లాంటివి భుజం మీద నుంచి జారిపడి తడిసిన గుడ్డలా వేలాడతాయి, వాటికి ఈ చేయి వద్దు. సింథటిక్ కూడా వద్దంటాను, మన నెల్లూరులో మే నెలలో చంక దగ్గర అంత గుడ్డ పోగేసుకుని సింథటిక్ వేసుకుంటే మధ్యాహ్నానికి ఒళ్ళంతా పేలిపోతుంది. మామూలు జాకెట్టుకు 80 సెంటీమీటర్లు సరిపోతుంది కానీ బుట్ట చేతులకు మీటరు తీసుకోండి, ఛాతీ 40 దాటితే మీటరుంపావు. చీరతో వచ్చే ముక్క చాలా సార్లు 80 సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి కొనేముందే టేపు పెట్టి చూసుకోండి. చిన్నబజారులో లైనింగ్ తీసుకునేటప్పుడు కాటన్ లైనింగే అడగండి. ఇంటికి తెచ్చాక లైనింగ్‌ను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టండి. కొత్త కాటన్ మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్లు లాగేయడం మామూలే. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పై గుడ్డ ముడతలు పడుతుంది, దానికి తర్వాత చేసేదేమీ ఉండదు.

కొలతలు మీకు మీరే తీసుకోకండి, చేయి ఎత్తితే ఛాతీ కొలత మారిపోతుంది. ఇంట్లో ఎవరినైనా పిలిచి, లోపల రోజూ వేసుకునేదే వేసుకుని, చేతులు వదులుగా వేలాడేసి నిలబడండి. నా కొలతలు అంగుళాల్లో ఉదాహరణకు చెప్తాను, మీవి మీరు వేసుకోండి. ఛాతీ 36, ఛాతీ కింద 30, భుజం ఎముక నుంచి ఎముకకు 14, భుజం నుంచి ఛాతీ మొనకు 9.5, రెండు మొనల మధ్య 7, దండ చుట్టు 11.5, పొడవు 15. పాతకాలపు జాకెట్టు పొడవుగా ఉంటుంది, 13కి తగ్గించేస్తే ఎంత బాగా కుట్టినా ఆ రూపం రాదు. ఛాతీ 36కి 2 అంగుళాల వదులు కలిపి 38, దాన్లో నాలుగో వంతు 9.5, దానికి పక్క కుట్టు కోసం ఇంకో 1.5 కలిపి 11 దగ్గర గీత. ఆ ఒకటిన్నర అంగుళం లోపల వదిలేయడం మర్చిపోవద్దు, రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి అదే దిక్కు.

ఇక మచ్చు జాకెట్టు. అసలు గుడ్డ మీదకు వెళ్ళే ముందు పాత లుంగీ మీదో చిరిగిన దుప్పటి మీదో ఒకటి కత్తిరించి, పెద్ద కుట్లతో తొక్కి, వేసుకుని చూడాలి. చాలామంది దీన్ని దండగ పని అనుకుంటారు. గంట పని అంతే, ఆ గంటే వెయ్యి రూపాయల ముక్కను కాపాడుతుంది. చేతులు ఇంకా పెట్టకండి, ఒట్టి ఒళ్ళు మాత్రమే కుట్టి ముందు పిన్నీసులు పెట్టుకుని అద్దం ముందు నిలబడండి. నిలబడితే చాలదు. కొప్పు వేసుకోండి, దండెం మీద బట్టలు ఆరేస్తున్నట్టు చేతులెత్తండి, అటక మీద డబ్బా అందుకోండి. ముడతలే మీకు చెప్తాయి. హుక్కుల దగ్గర అడ్డంగా గీతలు పడితే ఛాతీ బిగుతు. వీపు మీద, మెడ కింద గుడ్డ ఉబ్బితే భుజం ఎక్కువైంది. మెడ ముందు గాలి కొట్టుకుంటూ తెరుచుకుంటే ఆ ఎక్కువ గుడ్డను మెడ దగ్గర పిన్నీసుతో మడిచి పట్టి, అంత మేరా కాగితం మీద కింది టక్కులోకి, అంటే ఛాతీ కింద గుడ్డను మడిచి కుట్టే కోణంలోకి, మార్చాలి, మెడను ఇంకా లోతు చేస్తే జబ్బు పెరుగుతుంది. టక్కులు ఛాతీ మొనకు అంగుళం ఇవతలే ఆగాలి. మొన దాకా వెళితే సూదిమొనలా పొడుచుకొచ్చి అసహ్యంగా ఉంటుంది.

ఇప్పుడు చంక. నేను పాడుచేసిన గుడ్డ సంగతి ఇక్కడిదే. మొదటి జాకెట్టు వేసుకుని చేయి ఎత్తితే చంక దగ్గర పట్టేసింది. పట్టేసిందంటే చంక ఇరుకైందని అనుకుని ఇంకో ముప్పావు అంగుళం లోతుగా కత్తిరించాను. మళ్ళీ వేసుకుంటే ఇంకా పట్టేసింది, ఈసారి చేయెత్తగానే జాకెట్టు మొత్తం నడుం దగ్గర నుంచి పైకి లేచిపోయింది. మంచం మీద కూర్చుని చూస్తున్న అమ్మమ్మ, "ఏందిమే, చంక దించేకొద్దీ చెయ్యి కట్టేసినట్టు కాదా? పైకే ఉండనీ, ఒంటికి ఆనుకుని ఉండనీ" అంది. నాకు నమ్మకం కలగలేదు. దండెం దగ్గరకు పోయి పాత జాకెట్టూ కొత్త జాకెట్టూ పక్కపక్కన తగిలించి చూస్తే అప్పుడు అర్థమైంది. చంక లోతుగా ఉంటే చేయి పక్క కుట్టుకు కిందెక్కడో అతుక్కుని ఉంటుంది, చేయి లేచినప్పుడు ఆ పక్క గుడ్డనంతా తనతో పాటు లాక్కుని పోతుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చేయి ఒక్కటే కదులుతుంది, ఒళ్ళు ఉన్నచోటే ఉంటుంది.

కాబట్టి చంక లోతు, అంటే భుజం నుంచి చంక కిందికి ఉండే కొలత, తగ్గించండి. నాకు బయట కుట్టించిన జాకెట్లలో 7.5 అంగుళాలు ఉంది, ఇప్పుడు నేను పెట్టుకునేది 6.75. మీది ఎంతో తెలియాలంటే మచ్చు జాకెట్టు వేసుకుని చంకకూ గుడ్డకూ మధ్య ఒక వేలు పెట్టి చూడండి. ఒక్క వేలు దూరాలి. దూరకపోతే కోస్తుంది, చెమటకు పుండవుతుంది. రెండు వేళ్ళు దూరితే లోతు ఎక్కువైనట్టే. మచ్చు మీద ఎప్పుడూ పైకే మొదలుపెట్టి పావు పావు అంగుళం చొప్పున దించుకుంటూ రండి, కోసిన గుడ్డను మళ్ళీ అతికించలేరు.

ఇప్పటికే లోతుగా కత్తిరించేసి ఉంటే ఏం చేయాలి? అమ్మమ్మ జాకెట్టులో ఉన్న ఆ చదరపు ముక్క ఉందే, అదే చేయాలి. అదే గుడ్డలో కుట్టు మడతలు కాకుండా రెండున్నర అంగుళాల చదరపు ముక్క కోసి, చంక దగ్గర చేతి కుట్టునూ పక్క కుట్టునూ కొంచెం విప్పి, ముక్కను మూల పైకి వచ్చేలా తిప్పి, రెండు అంచులు చేతికి, రెండు అంచులు ఒంటికి కలిపి కుట్టండి. మూలల దగ్గర సూదిని గుడ్డలోనే దింపి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డ తిప్పుకోవాలి. ఆ ముక్కతో చేయి లేవడానికి కావలసిన గుడ్డ దొరుకుతుంది. చేయి దించితే అది లోపలికి మడుచుకుపోతుంది, ఎవరికీ కనపడదు. నా పాడైన జాకెట్టు ఈ ముక్కతోనే బతికింది.

భుజం సంగతి. మామూలు చేతికి, చేయి అతికే కుట్టు భుజం ఎముక మీద ఉంటే సరిపోతుంది. బుట్ట చేతికి ఎముక మీదే పెడితే బుట్ట భుజం దాటి బయటకు వేలాడి, మనిషి వెడల్పుగా కనిపిస్తుంది. ఒక్కో పక్క ముప్పావు అంగుళం లోపలికి జరపండి, నాకు సగం భుజం 7 కాబట్టి 6.25. అప్పుడు బుట్ట భుజం ఎముక మీద కూర్చుని నిలబడుతుంది. అమ్మమ్మ జాకెట్టు భుజం అంత చిన్నగా ఉండటానికి కారణం ఇదే.

చేయి కత్తిరించడం తొందరపడకుండా చేయాల్సిన పని. మీకు సరిపోయే మామూలు చేయి నమూనా కాగితం మీద గీసుకోండి, పొడవు 5 అంగుళాలు చాలు. పై వంపు నుంచి కింది అంచు వైపు నాలుగు చోట్ల కత్తిరించండి, కింది అంచు దాకా కోసేయకుండా కొంచెం వదిలి. ఇప్పుడు దాన్ని విసనకర్రలా విప్పండి, ఒక్కో చీలిక పైన అంగుళం తెరుచుకునేలా. పైన 4 అంగుళాలు పెరుగుతుంది, కింద మాత్రం దండకు పట్టినట్టే ఉంటుంది. తర్వాత పై వంపును నడిమధ్యలో ఇంకో అంగుళం ఎత్తు చేసి గీయండి. ఈ ఎత్తు ఇవ్వకపోతే కుచ్చులు ఉంటాయి కానీ బుట్ట లేవదు, చాలామంది దగ్గర పొరపాటు జరిగేది ఇక్కడే.

కుచ్చులు పట్టేటప్పుడు మిషన్ కుట్టు పొడవు పెద్దది పెట్టి, పై దారం బిగువు కాస్త వదులు చేసి, అంచుకు పావు అంగుళంలో ఒక వరుస, దాని పక్కనే ఇంకో వరుస తొక్కండి. చివర రెండు బాబిన్ దారాలూ కలిపి పట్టుకుని మెల్లగా లాగాలి. ఒక్క వరుసతో లాగితే కుచ్చులు తిరగబడతాయి, దారమూ తెగుతుంది. కుచ్చులు భుజం కుట్టుకు అటు రెండున్నర, ఇటు రెండున్నర, మొత్తం 5 అంగుళాల్లోనే ఉండాలి, చంక వైపు ఒక్కటి కూడా పోకూడదు. గోటితో ఒక్కో కుచ్చును పక్కదానికి జరుపుతూ సమం చేసుకోండి, కుచ్చు కుచ్చుకీ మధ్య గోధుమగింజంత ఎడం ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. పిన్నీసులు పెట్టి, కుచ్చులు పైకి కనిపించేలా పెట్టుకుని కుట్టండి.

గుడ్డ మెత్తనిదైతే లోపల ఒక దన్ను పెట్టండి. ఆర్గండీ (బిర్రుగా ఉండే పలుచని కాటన్) పట్టీ, 2 అంగుళాల వెడల్పు, 6 పొడవు, నిలువుగా సగానికి మడిచి, కాస్త కుచ్చు పట్టి భుజం దగ్గర చేతి కుట్టు లోపలి అంచుకు కుట్టేస్తే అది చేతి లోపలికి తిరిగి బుట్టను మోస్తుంది. కాటన్‌కు గంజి పెడితే ఇదీ అక్కర్లేదు.

మిగతాది మీకు తెలిసిందే. ముందు టక్కులు, తర్వాత భుజాలు, మెడకు ఏటవాలుగా కోసిన అంగుళంపావు పట్టీ, చేతులు, చివరగా పక్కలు. సన్న పట్టుకు 11 నంబరు సూది, కాటన్‌కు 14. హుక్కులు ఐదో ఆరో పెట్టండి, వాటిలో ఒకటి సరిగ్గా ఛాతీ ఎత్తులో పడాలి. ముందు దాని చోటు గుర్తుపెట్టి, తర్వాత మిగిలినవి పైకీ కిందకీ సర్దుకోండి.

ఇస్త్రీ చేసేటప్పుడు బుట్టను బల్ల మీద పరిచి అణచకండి. చేతి రుమాలును ఉండలా చుట్టి లోపల దూర్చి, ఇస్త్రీపెట్టె మొనతో చుట్టూ తాకిస్తూ పోతే చాలు. దాచేటప్పుడు దాని మీద పట్టుచీరల బరువు పెట్టొద్దు. అమ్మమ్మ జాకెట్టు బుట్టల్లో రెండు మల్లు గుడ్డ ఉండలు ఉన్నాయి, పసుపు రంగుకు తిరిగిపోయాయి. నేను వాటిని తీయలేదు, నా జాకెట్టుకూ అలాంటివే రెండు చుట్టి పెట్టాను.