పొడుగు గుండు, మొండి వల: సీసపు వలగుండ్ల పోతలో సమస్య - పరిష్కారం

విసురు వల సరిగా విచ్చుకోకపోతే మొదట చేతిని తిడతాం, తరువాత వల అల్లినవాడిని తిడతాం. గుండ్లను ఎవరూ తిట్టరు. చందంపేట వైపు సాగర్ వెనుక జలాల్లోనూ, నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రంలోనూ వల విసిరే మావాళ్లకు కొన్నేళ్లుగా నేనే గుండ్లు పోసిస్తున్నాను. నా దగ్గరికి తిరిగొచ్చిన వలల్లో సగానికి సగం తప్పు గుండులోనే కనబడింది. ఆ తప్పుల్లో చాలావరకు నేను చేసినవే కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

వల గుండ్రంగా పడదు, నీళ్లలో కర్రలా బిగుసుకుపోతుంది

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే, అందుకే ముందుగా దీని సంగతి. ఒకసారి మా మామకు 9 అడుగుల వలకు కొత్త గుండ్లు కావలసివచ్చాయి. పాతవి 25 మిల్లీమీటర్ల పొడుగు, 8 మిల్లీమీటర్ల మందం, నడుమ 3 మిల్లీమీటర్ల రంధ్రం. ఒక్కొక్కటి 12 గ్రాములు తూగుతుంది. నా దగ్గర అప్పుడు 40 మిల్లీమీటర్ల అచ్చు ఉంది. పొడుగైతే ఏం, బరువు పెరుగుతుంది, వల త్వరగా మునుగుతుంది అనుకుని పోసేశాను. మామ రెండు రోజులు విసిరి చూసి, వల తెచ్చి నా ముందు పడేశాడు.

“అల్లుడా, దీన్ని విసిరితే వల పడటం లేదు, కంచె పడుతోంది” అన్నాడు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. 9 అడుగుల వల అంటే నడినెత్తి నుంచి అంచుకు 9 అడుగులు, దాని మూతి చుట్టుకొలత దాదాపు 17 మీటర్లు. అందులో 410 గుండ్లు, అంటే నాలుగు సెంటీమీటర్లకు కొంచెం పైన ఒక కట్టు (తాడును వలకు బిగించే ముడి). పాత గుండ్లన్నీ కలిపి పదిమీటర్ల పైచిలుకు తాడును కప్పేవి. మిగిలిన ఏడు మీటర్లు కట్ల దగ్గర ఖాళీగా ఉండి తాడు వంగేది. నేను పోసిన 40 మిల్లీమీటర్ల గుండ్లు అదే 410 కట్ల మధ్య 16.4 మీటర్లను కప్పేశాయి. వంగడానికి తాడుకు చోటేదీ? బరువు కూడా ఐదు కిలోల నుంచి ఎనిమిది కిలోలకు ఎగబాకింది. భుజం నొప్పి అదనం.

కారణం ఇంతే: గుండు వంగదు, కట్టు దగ్గర తాడే వంగాలి. కట్టుకూ కట్టుకూ మధ్య దూరంలో మూడింట రెండు వంతులకు మించి గుండు పొడుగు ఉండకూడదని అప్పటినుంచి నేను పెట్టుకున్న హద్దు. అడుగున బండలున్నచోట ఇంకా తగ్గించాలి. సాగర్ వెనుక నీళ్లలో మునిగిన రాళ్ల మీద పొడుగు గుండు అడ్డంగా నిలిచిపోయి, దాని కింద వేలెడు సందు మిగులుతుంది. కొర్రమీను ఆ సందు వెతుక్కుంటుంది, దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. బురద అడుగున్న చెరువుల్లో ఈ బాధ తక్కువ.

పరిష్కారం మూడు రకాలు. ఇప్పటికే కట్టేసిన గుండ్లయితే విప్పి రంపంతో కోసి పొట్టి చేయాలి. విసుగు పని, కానీ సీసం మెత్తన కాబట్టి సాధ్యమే. పొడి గాలికి లేవకుండా తడిగుడ్డ పరిచి దాని మీద కోయండి. ఆ గుడ్డను ఇంట్లో మరి దేనికీ వాడకండి. కోసిన ముక్కలను తిరిగి కరిగించేముందు పూర్తిగా ఎండనివ్వండి. ఎందుకో కింద చెబుతాను. కొత్తగా పోయాలంటే అచ్చు మార్చనక్కర్లేదు. అడుగున 15 మిల్లీమీటర్ల ఇనుప బిళ్ళ, గుండులో రంధ్రం కోసం నడుమ నిలిపే మేకు పట్టేంత రంధ్రంతో, దిగవేస్తే 40 కాస్తా 25 అవుతుంది. బరువే కావాలనుకుంటే పొడుగు పెంచకుండా మందం పెంచండి. 20 మిల్లీమీటర్ల పొడుగు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండు 16 గ్రాములు తూగుతుంది. పాత 25 మిల్లీమీటర్ల గుండుకన్నా పొట్టిది, అయినా నాలుగు గ్రాములు ఎక్కువ. మందం చేసే మేలు ఇది. మామ వలకు చివరికి అవే పోశాను, 310 వేస్తే సరిపోయాయి. కట్ల దూరం మాత్రం కొత్తగా కొలుచుకోవలసివచ్చింది.

గుండు మీద ముడతలు, కొసన నిండకపోవడం

అచ్చు చల్లగా ఉంది. సీసం తప్పు కాదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అయినా కరిగిన వెంటనే పోస్తే అచ్చు గోడలు తాకగానే గడ్డకడుతుంది. పొడుగు గుండుకు ఇది మరీ శాపం. సన్నటి దారిలో పైనుంచి కిందికి ప్రయాణం చేసేలోపే వేడి అచ్చులోకి పోతుంది. 370 నుంచి 400 డిగ్రీల మధ్య పోయడం మంచిది. వేడి కొలిచే పరికరం లేనివాళ్లకు చీపురుపుల్ల ఉంది. కరిగిన సీసంలో ముంచితే పుల్ల నల్లబడాలి, మంట అంటుకోకూడదు. అసలు రంగు మారకపోతే ఇంకా కాగాలి.

అచ్చును మూకుడు పక్కనే ఆనించి వేడెక్కించండి. మొదటి పది గుండ్లు ఎలాగూ వృథా, వాటిని నేను లెక్కలోకే తీసుకోను, తిరిగి మూకుడులో వేసేస్తాను. అచ్చు లోపలి గోడకు దీపం మసి పట్టిస్తే సీసం జారుడుగా దిగుతుంది. అడుగున గాలి పోవడానికి గోరుగీతంత సన్నటి గాడి లేకపోతే ఎంత వేడి చేసినా కొస నిండదు. గాలి ఎటు పోవాలి మరి? ఆకురాయి అంచుతో ఒక్క గీత చాలు. ఎక్కువ గీస్తే సీసమే బయటికి కారుతుంది.

పైన నురగపట్టినట్టు తెల్లటి మెరుపులేని పొర

ఇది పై సమస్యకు తిరగబడిన రూపం, అచ్చు మరీ వేడెక్కింది. గుండుకు నష్టం లేదు. రెండు నిమిషాలు అచ్చు పక్కన పెట్టండి. నీళ్లలో ముంచి చల్లార్చే ఆలోచన మాత్రం చేయకండి.

చూడటానికి బాగుంది, తూకం తక్కువ

రావలసినదానికన్నా తూకం తగ్గితే లోపల బొర్ర ఉందని అర్థం. సీసం గడ్డకట్టేటప్పుడు దాదాపు మూడున్నర శాతం కుంచించుకుపోతుంది. ఆ లోటు పైనుంచి వేడి సీసం దిగి నిండాలి. పొడుగు గుండులో మెడ దగ్గర ముందే గడ్డకడితే, నడుమ ఇంకా ద్రవంగా ఉన్నచోట ఖాళీ మిగిలిపోతుంది. బయటికి కనబడదు. ఒకటి రెండు కోసి చూడండి, సూది దూరేంత బొర్ర కనబడుతుంది.

పోసేచోట పైన గరాటులా చిన్న గుంట ఉండాలి. గుండు నిండిన తరువాత కూడా ఆ గుంటలో సీసం కుప్పలా నిలవాలి, దాని నడుమ చిన్న లొట్ట పడేదాకా అచ్చు కదపకూడదు. తొందరపడి ఆ కుప్పను కొట్టేస్తే బొర్ర ఖాయం. పదింటికి ఒకటి తూకం వేయడం అలవాటు చేసుకోండి. బంగారం పని కాదు, అర గ్రాము తేడా వస్తే వదిలేయండి. ఒకవైపు గుండ్లు బరువై మరోవైపు తేలికైతే మాత్రం వల గాలిలోనే పక్కకు తిరుగుతుంది.

మేకు నుంచి గుండు ఊడిరాదు

రంధ్రం కోసం నడుమ పెట్టే మేకు ఇనుము. చల్లారేటప్పుడు సీసం ఇనుముకన్నా రెట్టింపుకు పైగా కుంచించుకుపోయి దాన్ని పిడికిలిలా పట్టుకుంటుంది. గుండు పొడుగయ్యేకొద్దీ పట్టు పెరుగుతుంది. మేకు కొసవైపు కొంచెం సన్నబడేలా ఆకురాయితో రాయండి, పెన్సిలు ములుకు పొడి పూయండి, వేడి ఉండగానే పట్టకారుతో తిప్పుతూ లాగండి. పూర్తిగా చల్లారాక సుత్తితో కొడితే గుండు సొట్టపోతుంది, మేకు వంగుతుంది, రంధ్రం నోరు పాడవుతుంది.

అంచున పలుచని రెక్క

అచ్చు రెండు పలకలు కలవడం లేదు. నూటికి తొంభైసార్లు మధ్యలో ఆవగింజంత సీసపు చుక్క అతుక్కుని ఉంటుంది. చెక్కపుల్లతో గీకేయండి. కత్తితో గీకితే అచ్చు మీద గాటు పడి అదే రెక్కగా మారుతుంది. రెక్క ఉన్న గుండును అలాగే కట్టకండి, నైలాన్ దారాన్ని నెలలో కోసేస్తుంది.

నొక్కితే చిట్లుతుంది

తాడు చుట్టూ మడిచి నొక్కే చీలిక గుండ్లకు ఇది వస్తుంది. సీసంలో యాంటిమోనీ అనే పదార్థం కలిసి గట్టిపడింది. స్వచ్ఛమైన సీసం మీద గోటితో గీస్తే గీత పడుతుంది, గట్టి సీసం మీద గోరే అరుగుతుంది. మడిచే గుండ్లకు పాత కేబుల్ తొడుగుల మెత్తటి సీసం వాడండి. గట్టి సీసం దొరికితే రంధ్రం గుండ్లకు మళ్లించండి, అక్కడ అది మేలే చేస్తుంది. ఇంకో మాట, గుండును పళ్లతో నొక్కి బిగించేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. పటకారు ఖరీదు ఎంతని?

పాత బ్యాటరీ పలకలు చవకగా దొరుకుతాయని ఇంట్లో కరిగించకండి. దీనికి పరిష్కారం లేదు, మానేయడమే. పలకల్లో ఆమ్లం, సల్ఫేటు ఉంటాయి. కొన్నిటిలో యాంటిమోనీ, ఆర్సెనిక్ కూడా. కరిగించాక మిగిలే మడ్డి తడిస్తే ఆర్సీన్, స్టిబీన్ అనే ప్రాణాంతక వాయువులు పుట్టే ప్రమాదముంది.

మూకుడులో సీసం అంబలిలా చిక్కబడుతుంది, అచ్చు నిండదు

జింకు కలిసింది. బండి చక్రాలకు సమతూకం కోసం పెట్టే బిళ్ళలు ఒకప్పుడు సీసంవే. ఇప్పుడు ఇనుమువీ జింకువీ ఎక్కువగా వస్తున్నాయి, చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. జింకు 419 డిగ్రీల దాకా కరగదు, పైగా సీసంకన్నా తేలిక. కాబట్టి 400 దాటనివ్వకపోతే జింకు బిళ్ళలు, ఇనుప బిళ్ళలు పైకి తేలతాయి, గరిటెతో తీసేయవచ్చు. అనుమానం ఉన్న బిళ్ళను గీకి, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం ఒక చుక్క వేయండి. జింకైతే నురగ పొంగుతుంది, సీసం ఊరుకుంటుంది. ఈ పరీక్ష పొయ్యికి దూరంగా చేసి, బిళ్ళను కడిగి ఆరబెట్టాలి. ఒకసారి కలిసిపోయిన జింకును ఇంట్లో విడదీయలేం. ఆ సీసాన్ని దిమ్మెగా పోసి పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మేయండి, జింకు కలిసిందని చెప్పి మరీ.

మామూలు తెట్టు వేరు. అది ఆక్సైడు. కొవ్వొత్తి ముక్క వేసి కలిపితే చాలావరకు తిరిగి సీసమవుతుంది. పొగ, మంట లేస్తాయి, వెనక్కి జరగండి. మిగిలిన బూడిదను మూత డబ్బాలో పెట్టండి, చెట్టు మొదట్లో పోయకండి. పైపొర మీద నీలం, ఊదా రంగులు మెరుస్తుంటే మంట తగ్గించాలి. వేడి పెరిగేకొద్దీ సీసపు పొగ పెరుగుతుంది.

పోస్తుండగా ఠప్పున పేలి చిమ్మడం

తడి. ఒక్క చుక్క నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది, పైన ఉన్న సీసాన్ని ఎగజిమ్ముతుంది. ఒక వానాకాలం నేను చెరువు నుంచి తెచ్చిన పాత గుండ్లను తుడిచి, పొడిగానే ఉన్నాయనుకుని కాగిన మూకుడులో వేశాను. రంధ్రాల్లో నీరు ఉంది. ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. కళ్లద్దాలు ఉండబట్టి కళ్లు దక్కాయి. పాత గుండ్లను చల్లటి మూకుడులో వేసి, దాంతోపాటే వేడెక్కనివ్వాలి. పూర్తిగా పొడి అని తెలియనిదేదీ కాగిన సీసంలో పైనుంచి వేయకూడదు. గరిటెనూ అచ్చునూ ముందుగా వేడి చేయాలి. వాన తుంపర పడే చోట పొయ్యి పెట్టకూడదు. కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి.

మూకుడు ఇనుముదే కావాలి, దాన్ని మళ్లీ వంటింట్లోకి తీసుకురాకూడదు. అల్యూమినియం గిన్నె వద్దు. లీటరు సీసం 11 కిలోలకు పైగా తూగుతుంది, వేడికి మెత్తబడిన గిన్నె ఆ బరువును ఆపదు. పని ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా చేయాలి. పిల్లలను, గర్భిణులను దగ్గరికి రానివ్వకూడదు. రక్తంలో ఇంత సీసం ఉంటే ఫరవాలేదనే సురక్షిత హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడుమ బీడీ, టీ కుదరవు. సబ్బుతో చేతులు కడిగాకే అన్నం. పోత బట్టలు విడిగా ఉతకాలి.

అడుగుతాడు గుండు అంచు దగ్గరే తెగుతుంది

రంధ్రం నోటి దగ్గర సన్నటి కొక్కెంలాంటి పొర మిగిలి ఉంటుంది, మేకు లాగినప్పుడు లేచింది. రంధ్రంకన్నా కొంచెం లావు డ్రిల్లు ములికిని చేత్తోనే రెండు చుట్లు తిప్పండి, నోరు గరాటులా విచ్చుకుంటుంది. రెండు వైపులా చేయాలి. మామ వలకు నేను ఒకవైపే చేసి ఇచ్చాను. నాలుగో నెలలో తాడు తెగిన చోట్లన్నీ రెండోవైపువే.