డీజే స్టెంట్‌తో మూడు వారాలు: నేను ఎలా నెట్టుకొచ్చానంటే

మూత్రనాళంలో ఇరుక్కున్న 9 మిల్లీమీటర్ల రాయిని లేజర్‌తో పొడి చేశారు. "లోపల స్టెంట్ పెట్టాం, మూడు వారాలయ్యాక తీస్తాం" అన్నారు డాక్టరు. రాయి పోయింది, ఇక హాయి అనుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి తొమ్మిదిసార్లు లేచాను.

స్టెంట్ అంటే మెత్తటి సన్నని గొట్టం. రెండు కొసలూ గొడుగు పిడిలా, ఇంగ్లీషు J అక్షరంలా వంపు తిరిగి ఉంటాయి, అందుకే డబుల్ జె, పొట్టిగా డీజే అంటారు. ఒక వంపు కిడ్నీలో, ఇంకోటి మూత్రాశయంలో. నాళం వాచి మూసుకుపోకుండా దాన్ని పెడతారు. కింది వంపు మూత్రాశయాన్ని గీరుతూ ఉంటుంది కాబట్టి, ఇప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ వస్తున్నట్టే ఉంటుంది. ఒంటేలు పోసేటప్పుడు నడుము పక్కన పోటు వస్తే హడలిపోకండి. మూత్రం కొంత గొట్టంలోంచి పైకి తన్నడం వల్ల అలా అవుతుంది. నాకు కూర్చుని, ముక్కకుండా, నిదానంగా పోస్తే ఆ పోటు సగం తగ్గింది. ఆపుకున్నరోజు మాత్రం రెట్టింపు.

నేను లెక్కల మాస్టారిని. మూడోరోజే బండెక్కి బడికెళ్లాను. దారిలో పదకొండు స్పీడ్ బ్రేకర్లు. బడికి చేరేసరికి మూత్రం దానిమ్మ రసం రంగులో ఉంది. కూర్చుని రెండు గ్లాసుల నీళ్లు తాగితే సాయంత్రానికి తేటపడింది. తర్వాత బస్సులో వెళ్లాను, మెట్లు తగ్గించుకున్నాను, బియ్యం బస్తా జోలికి పోలేదు. పీరియడ్ పీరియడ్‌కీ ఒక గ్లాసు నీళ్లు, గంట కొట్టగానే బాత్‌రూమ్. రాత్రి ఏడున్నర తర్వాత నీళ్లు గొంతు తడుపుకోవడానికే. టీ మానితే గీరుడు తగ్గింది. నాకు అన్నిటికంటే కష్టం అదే.

స్టెంట్ బాధ తగ్గడానికి డాక్టరు రాత్రికి టామ్సులోసిన్ అనే మాత్ర రాశారు. వేసుకున్నాక చటాలున లేస్తే కళ్లు తిరుగుతాయి. మంచం మీద కాసేపు కూర్చుని లేవండి. మాటిమాటికీ వచ్చే మూత్రానికి ఇచ్చిన ఇంకో మాత్రకు నోరెండిపోయి, మలబద్ధకం వచ్చింది. ముక్కితే స్టెంట్ బాధ పెరుగుతుంది, అందుకే రోజూ ఆకుకూర, జామకాయ. నొప్పి మాత్రలు మాత్రం మందుల షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు, కొన్ని కిడ్నీకే చేటు. స్టాఫ్‌రూమ్‌లో అరటిదవ్వ రసం, ఉలవచారు అంటూ వైద్యాలు మొదలయ్యాయి. రాయి పోయాక అవెందుకో ఎవరూ చెప్పలేదు.

చలి పుట్టి వణికినా, జ్వరం 100 దాటినా, రక్తం గడ్డలుగా పడినా, మూత్రం బందైనా, మాత్రకు లొంగని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

తీసే తేదీని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి. బాధ తగ్గిందని మర్చిపోతే నెలలు గడిచేకొద్దీ గొట్టానికే రాయి పేరుకుంటుంది, మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది.

తీసేరోజు మత్తేమీ ఇవ్వలేదు. జెల్లీ రాసి, సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపారు. ఊపిరి మెల్లగా వదలమంది నర్సమ్మ. వదిలేలోపే అయిపోయింది. అడిగితే చూపించారు. జానెడు పైచిలుకు ఉంది, ఇంతేనా అనిపించింది. ఆ సాయంత్రం నడుములో గట్టిగా లాగింది. ముందే రాసిచ్చిన మాత్ర వేసుకుని పడుకున్నాను. మర్నాడు ఎనిమిదో తరగతికి రెండు పీరియడ్లు వరసగా చెప్పాను.