క్వార్ట్జ్ సెన్సార్ మీద రక్తనాళపు లోపొర కణాలు: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఈ సెన్సార్ కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. దాని మీద పెంచిన కణాలకు మందు పంపినప్పుడు కంపనాల వేగం (పౌనఃపున్యం) ఎలా మారుతుందో తెర మీద గీతగా చూపిస్తుంది.

☐ 5 మెగాహెర్ట్జ్ బంగారు పూత స్ఫటికాన్ని అంచు దగ్గరే పట్టకారుతో పట్టుకోండి. నడుమ గీత పడితే ఆ స్ఫటికాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

☐ స్ఫటికాన్ని శుభ్రం చేయడానికి యూవీ ఓజోన్‌లో (అతినీలలోహిత కాంతితో మురికిని తొలగించే పరికరం) 10 నిమిషాలు. తర్వాత నీరు 5, అమ్మోనియా 1, హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 పాళ్ల ద్రావణంలో 75 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. ఫ్యూమ్‌హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే అర), కళ్లద్దాలు తప్పనిసరి.

☐ ఫైబ్రోనెక్టిన్ (కణాలు అతుక్కోవడానికి తోడ్పడే ప్రోటీన్) పూత వేశాకే బొడ్డుతాడు సిర నుంచి తీసిన కణాలు వేయండి. ఎక్కువసార్లు పెంచిన కణాలు వద్దు, వాటి స్వభావం మారిపోతుంది. పెంచిన పాత్ర నుంచి కణాలను ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్, కణాల పైనున్న చక్కెర పొరను కోసేస్తుంది కాబట్టి ఆ పొర గురించే ప్రయోగమైతే అది తిరిగి పెరిగేదాకా ఆగండి. కణాల మధ్య ఖాళీలు లేవని మైక్రోస్కోపులో చూడండి.

☐ సెన్సార్ ఉండే మూసిన చిన్న గదిలోకి కార్బన్ డయాక్సైడ్ అందదు. మాధ్యమంలో (కణాలకు పోషణనిచ్చే ద్రవం) హెపెస్ (ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే రసాయనం) కలపకపోతే పీహెచ్ జారిపోతుంది.

☐ అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది గాలి బుడగ. చల్లటి మాధ్యమం గదిలో వేడెక్కగానే అందులో కరిగిన గాలి బయటికొచ్చి ఎలక్ట్రోడ్‌కు అంటుకుంటుంది. తెర మీది గీత ఒక్కసారిగా గెంతుతుంది. ముందే 37 డిగ్రీలకు వేడిచేసి, గాలి తీసేసి పంపండి.

☐ మందు లేని ద్రావకాన్ని విడిగా పంపి చూడండి. చిక్కదనం మారినా పౌనఃపున్యం మారుతుంది.

☐ పౌనఃపున్యపు మార్పును బట్టి బరువు లెక్కగట్టే సావర్‌బ్రే సూత్రం ఇక్కడ పనికిరాదు. కణాలు మెత్తనివి, పైగా కంపనం అడుగున సుమారు 250 నానోమీటర్ల వరకే చేరుతుంది. డిసిపేషన్‌నూ (కంపనపు శక్తి ఎంత త్వరగా తగ్గిపోతోందో చెప్పే కొలత) నమోదు చేసేలా పెట్టండి.