ఇంటి ముంగిలిని బండలతో, చెట్లతో తీర్చిదిద్దడం ఎలా?

ఇరవై ఆరేళ్ళుగా తాపీ నా చేతిలో ఉంది. మొదటి నాలుగేళ్ళు తట్ట మోశాను, సిమెంటు, ఇసుక కలిపే మాలు తయారు చేశాను, పెద్దమేస్త్రీ దారం కట్టే పద్ధతిని పక్కనే నిలబడి చూశాను. మార్కాపురం వైపు పల్లెల్లో ఇళ్ళు కట్టడం నా వృత్తి. ముంగిలి పని మాత్రం ఇష్టం కొద్దీ నేర్చుకున్నాను. మా వైపు ఇల్లు పూర్తయ్యేసరికి యజమాని దగ్గర డబ్బు అయిపోతుంది. మిగిలిన కంకరను ముంగిట్లో పారబోసి, పైన సిమెంటు పూసి, పని అయిందనిపిస్తారు. రెండో వానాకాలానికి అది బీటలు వారుతుంది, ఎండాకాలంలో పెనంలా కాలుతుంది, వాన నీటిని ఒక్క చుక్క కూడా భూమిలోకి దిగనివ్వదు. అంతకంటే తక్కువ సిమెంటుతో, దగ్గర్లో దొరికే రాయితో, నాలుగు చెట్లతో చల్లని ముంగిలి చేసుకోవచ్చు. లెక్కలు తేలికగా ఉండడానికి 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న స్థలాన్ని తీసుకుని చెబుతాను.

ముందు ఒక వాన చూడండి

పార పట్టుకునే ముందు ఒక గట్టి వానలో ముంగిట్లో నిలబడండి. వానాకాలం కాకపోతే పది బిందెల నీళ్ళు గడప దగ్గర నుంచి పారబోయండి. నీళ్ళు ఎటు పరుగెత్తాయి, ఎక్కడ నిలిచాయి, చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, పక్కింటి నుంచి ఏమైనా వస్తున్నాయా అన్నది చూసి కాగితం మీద గీసుకోండి. "నీళ్ళను అడిగి రాయి పెట్టరా" అని పెద్దమేస్త్రీ అంటుండేవాడు. ఆ మాట నాకు తలకెక్కడానికి ఒక ఇల్లు పాడు చేయవలసి వచ్చింది. సొంతంగా పని పట్టిన తొలి ఏడాది, బండల రంగు మీద పెట్టిన శ్రద్ధ వాటం మీద, అంటే నీళ్ళు పారే పల్లం మీద పెట్టలేదు. వాన నీళ్ళన్నీ గోడవైపే చేరి, సంక్రాంతి నాటికి లోపలి గోడకు మూరెడు ఎత్తున చెమ్మ ఎక్కింది. ఆ బండలన్నీ నా ఖర్చుతో లేపి మళ్ళీ పరిచాను.

వాటం ఎప్పుడూ ఇంటి నుంచి బయటికి ఉండాలి. పది అడుగులకు రెండు అంగుళాల పల్లం చాలు. మన 15 అడుగుల వెడల్పుకు మూడు అంగుళాలు అవుతుంది. నడిచేవాళ్ళకు ఆ పల్లం తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. ముంగిలి పైమట్టం ఇంటి గడప కంటే కనీసం ఆరు అంగుళాలు కిందికి ఉండేలా చూసుకోండి.

మూల, మట్టం

నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి దారం కట్టండి. మూల సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు, నాలుగు, ఐదు లెక్క ఉంది. ఒక వైపు మూడు అడుగుల దగ్గర, ఇంకో వైపు నాలుగు అడుగుల దగ్గర గుర్తు పెడితే, ఆ రెండింటి మధ్య ఏటవాలు దూరం సరిగ్గా ఐదు అడుగులు రావాలి. మన స్థలం 15, 20 కాబట్టి ఎదురెదురు మూలల మధ్య 25 అడుగులు రావాలి. రెండు వైపులా కొలవండి. అర అంగుళం తేడా ఉన్నా చివరి వరుస బండల్లో అది బయటపడుతుంది.

మట్టానికి ట్యూబు మట్టాన్ని మించిన పనిముట్టు పల్లెలో లేదు. సన్నని పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి, రెండు చివరలనూ రెండు మేకుల దగ్గర పట్టుకుంటే నీళ్ళు రెండు చోట్లా ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఇందులో తప్పు రెండు కారణాల వల్లే వస్తుంది. గొట్టంలో గాలి బుడగ ఉండిపోవడం ఒకటి, చూసేటప్పుడు చివరను బొటనవేలితో మూసి ఉంచడం ఇంకొకటి. గొట్టం మొత్తాన్ని ఒకసారి కళ్ళతో తడిమి, వేలు తీసి, నీళ్ళు ఊగడం ఆగాక గుర్తు పెట్టండి. ఇంటివైపు మేకుల మీద పైమట్టం గుర్తు పెట్టి, బయటి మేకుల మీద దానికి మూడు అంగుళాలు కింద గుర్తు పెట్టి దారం లాగండి. ఆ దారమే ఇక మీ వాటం.

తవ్వకం, దిమ్మిస

దారం నుంచి ఆరున్నర అంగుళాల లోతు తవ్వాలి. నాలుగు అంగుళాలు మొరానికి (గరుకు గులక మట్టికి), ఒక అంగుళం ఇసుకకు, ఒకటిన్నర అంగుళం బండకు. పైమట్టిని పారేయకండి, చెట్ల గుంతలకు దానికి మించిన మట్టి దొరకదు.

నేల నల్లరేగడి అయితే ఈ లోతు సరిపోదు. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. దాని మీద ఎంత మంచి పని చేసినా ఏడాది తిరిగేసరికి ఎగుడుదిగుడు అవుతుంది. కనీసం అడుగున్నర రేగడిని తీసేసి మొరంతో నింపాలి. ఖర్చు పెరుగుతుందని యజమానులు వద్దంటారు. అప్పుడు నేను విస్తీర్ణం సగానికి తగ్గించమంటానే గానీ లోతు తగ్గించడానికి ఒప్పుకోను.

మొరం ఒకేసారి పోయకండి. రెండు అంగుళాల పొర పోసి, తడిపి, దిమ్మిసతో (నేలను అణిచే బరువైన పనిముట్టుతో) కొట్టి, ఆ పైన రెండో పొర. మడమతో గట్టిగా నొక్కినా గుంట పడకపోతే గట్టిపడినట్టు. మన స్థలానికి కొట్టాక 100 ఘనపు అడుగుల మొరం కావాలి. కొడితే అణుగుతుంది కాబట్టి 125 నుంచి 130 తెప్పించండి. ఇసుక 25 ఘనపు అడుగులు. ట్రాక్టరు ట్రక్కు కొలత ఊరికో తీరుగా ఉంటుంది. దింపక ముందే టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఏ రాయి?

మన రెండు రాష్ట్రాలలో ఈ పనికి రాయి కొరత లేదు. బేతంచెర్ల నాపరాళ్ళు, నల్లని కడప బండలు, తాండూరు పసుపు, నీలం బండలు, సరిహద్దు అవతలి కర్ణాటక నుంచి వచ్చే షాబాదు బండలు అన్నీ సున్నపురాళ్ళే. పొరలు పొరలుగా ఉండడం వల్ల పలుచగా చీలతాయి, ధర అందుబాటులో ఉంటుంది. వీటికి ఆమ్లం పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు పడిన చోట మచ్చ పడుతుంది, బాత్‌రూము కడిగే యాసిడ్ పోస్తే పైపొర తినేస్తుంది. మా మార్కాపురం పలకరాయి రంగులో అందంగా ఉంటుంది, గోడలకూ మొక్కల మడుల అంచులకూ బాగుంటుంది. పలుచటి పలకలను మోటారు సైకిలు తిరిగే చోట మాత్రం వేయను.

ముంగిలికి నునుపు చేసిన బండ కొనకండి, తడిస్తే జారుతుంది. ముసలివాళ్ళు నడిచే ఇంట్లో గరుకు బండే క్షేమం. ఒక్కో బండను నిలబెట్టి సుత్తి పిడితో తట్టండి. ఖణేల్‌మంటే మంచిది, పగిలిన కుండలా మోగితే లోపల పగులు ఉన్నట్టు. 300 చదరపు అడుగులకు కోతలు, పగుళ్ళు కలుపుకుని 330 తీసుకోండి.

మిగిలిన తునకలను దాచుకోండి. ముంగిలి అందమంతా వాటిలోనే ఉందని నేను నమ్ముతాను. చదరపు బండల మధ్య మూరెడు వెడల్పున ఒక పట్టీ వదిలి, అందులో తునకలను నిలువుగా గుచ్చి పరిస్తే పారే వాగులా కనబడుతుంది. మూలన పడి ఉన్న పాత రోలును కంఠం దాకా పాతి నీళ్ళు పోస్తే పిచ్చుకలు వస్తాయి. విరిగిన తిరగలి రాళ్ళు తులసికోట చుట్టూ మెట్లవుతాయి. ఒక ఇంట్లో నేను రోలును పాతుతుంటే అవ్వ వచ్చి, "నాయనా, దీంట్లోనే నా పెళ్ళి పసుపు దంచారు" అని చెప్పి చాలాసేపు అక్కడే కూర్చుంది. పాత రాయిని అమ్మేసే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక మాట అడగండి.

పరచడం

గట్టి మొరం మీద ముతక ఇసుక అంగుళం మందాన పోసి, బద్దతో గీచి సమం చేయండి. గీచిన ఇసుక మీద ఎవరూ నడవకూడదు. ఇంటివైపు నుంచి మొదలుపెట్టి, పరిచిన బండల మీద కూర్చుని ముందుకు సాగండి. బండను దించి చెక్క సుత్తితో మధ్యలో, తర్వాత మూలల్లో తట్టాలి. డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టే. లేపి ఇసుక నింపి మళ్ళీ పెట్టండి. బద్ధకించి వదిలేసిన డొల్ల బండ మీద బరువు పడిన రోజున అది రెండు ముక్కలవుతుంది.

బండల మధ్య అంగుళం సందు వదలండి. ఆ సందులో ఇసుక, పైమట్టి కలిపి నింపి గరిక వేర్లు నాటితే ఒక వానకే పచ్చ గీతలు లేస్తాయి, వాన నీళ్ళు ఆ గీతల్లోంచే భూమిలోకి దిగుతాయి. సిమెంటు అవసరమయ్యేది చుట్టూ అంచు రాళ్ళకు మాత్రమే. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుకతో కట్టి, కనీసం ఏడు రోజులు నీళ్ళు పట్టండి. అంచు గట్టిగా లేకపోతే లోపలి బండలన్నీ మెల్లగా పక్కకు జరుగుతాయి.

గ్రానైటు, పలకరాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. ఏ రాయి కోసినా నీళ్ళు పోస్తూ కోయండి, మాస్కు పెట్టుకోండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. తొడుగులు లేకుండా ఆడకూలీల చేత మాలు కలిపించడం నేను పని చేసే చోట జరగనివ్వను.

స్థలం మెరకగా ఉంటే

ముంగిలి పక్కన మెరక ఉంటే మట్టి జారకుండా రాతి కట్టు కావాలి. మూడు అడుగుల ఎత్తు వరకు మాలు లేకుండా పేర్చవచ్చు. అంతకు మించితే ఇంజనీరు సలహా తీసుకోండి. అడుగున వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు, గోడ పైకి పోయే కొద్దీ మట్టివైపు కొద్దిగా వాలాలి. కింది వరుస రెండు రాళ్ళ అతుకు మీద పై వరుసలో ఒక నిండు రాయి కూర్చోవాలి. నాలుగైదు అడుగులకు ఒకటి చొప్పున గోడ మందం మొత్తం పట్టే పొడవాటి రాయి వేయండి. వెనుక మట్టికి బదులు అడుగు మందాన కంకర నింపండి. గోడను పడగొట్టేది మట్టి బరువు కంటే దాని వెనుక నిలిచిన నీరే.

నీళ్ళు చేరే చోటు

వాటం వెంట వచ్చిన నీరు వీధిలోకి పోతే చేసిన పని సగమే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2,300 లీటర్లు దిగుతాయి. ఆరు అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న ఇంకుడు గుంతలో రాళ్ళు నింపాక మిగిలే సందుల్లో దాదాపు అన్ని నీళ్ళు పడతాయి. అడుగున పెద్ద రాళ్ళు, ఆ పైన 40 మిల్లీమీటర్ల కంకర, తర్వాత 20 మిల్లీమీటర్లది, చివరన ముతక ఇసుక. ఇంటి పునాదికి పది అడుగుల దూరంలో తవ్వండి. మరుగుదొడ్డి నీళ్ళను దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. పై ఇసుక పొరను ఏటా వేసవిలో తీసి కడిగి మళ్ళీ వేయాలి, లేకపోతే ఒండ్రు పేరుకుని గుంత మూసుకుపోతుంది.

చెట్ల విషయంలో ఒకటే పట్టుదల: బండలు పరచక ముందే చోటు వదలండి. రెండు అడుగుల గుంత తీసి, పైమట్టి, పశువుల ఎరువు కలిపి నింపండి. వేప, కానుగలను గోడకు 15 అడుగులు ఎడంగా, రావి, మర్రిని ఊరుమ్మడి చోట. ముంగిట్లో పారిజాతం, నందివర్ధనం, మందారం, కరివేపాకు. స్నానాల నీళ్ళు వచ్చే చోట అరటి. చెట్టు మొదలు చుట్టూ మూడు అడుగులు మట్టిగానే ఉంచండి.

మనుషులు, డబ్బు

ఈ పనికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి కాలం. వానలు మొదలైతే మనుషులు నాట్లకు పోతారు. వాళ్ళను తప్పు పట్టలేం, అది వాళ్ళ అన్నం. వేసవిలో చేయవలసి వస్తే ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపి, సాయంత్రం మళ్ళీ పట్టాలి. చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇచ్చినా, తవ్వకం, దిమ్మిస, పరచడం వేర్వేరుగా రాసుకోండి. లేకపోతే కంటికి కనబడని దిమ్మిస పనే తగ్గిపోతుంది. కూలి వారం వారం ఇవ్వండి. మీ దగ్గర పని చేసేవాళ్ళకు భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉందో లేదో అడగండి. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వాళ్ళు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

తొలి వాన తర్వాత

పని అయ్యాక వంద రూపాయలైనా బాకీ ఉంచుకోమని నేనే యజమానికి చెబుతాను, తొలి వాన పడ్డాక వస్తాను కాబట్టి. వాన వెలిసిన గంటకు సుద్దముక్క తీసుకుని నీళ్ళు నిలిచిన బండల చుట్టూ గీత గీయాలి. మూడు నాలుగు చోట్ల తప్పకుండా ఉంటాయి. ఎండాక ఆ బండలను గునపంతో లేపి, కింద గుప్పెడు ఇసుక వేసి, తట్టి కూర్చోబెట్టాలి. సందుల్లో కుంగిన మట్టిని మళ్ళీ నింపి, చీపురుతో అడ్డంగా ఊడ్చి, ఒక బిందె నీళ్ళు గడప దగ్గర నుంచి వదలండి. అవి ఎక్కడా ఆగకుండా ఇంకుడు గుంత చేరాక ఆ బాకీ తీసుకుంటాను.