కత్తి పదునును కొలిస్తే సాన ఎక్కడ తప్పిందో దొరుకుతుంది

ఇంట్లో కత్తి నూరేవారు సాధారణంగా శ్రమకు లోటు చేయరు. చాలాసేపు రాయి మీద లాగుతారు, బొటనవేలితో తడిమి చూస్తారు, కాగితం కోసి తృప్తి పడతారు. రెండు రోజులకే కత్తి మళ్లీ మొద్దుబారుతుంది. వేలు నిన్నటి పదునును గుర్తుపెట్టుకోదు కాబట్టి తప్పు ఏ దశలో జరిగిందో తెలియదు. పైగా గరుకు అంచు కూడా వేలికి పదునుగానే తగులుతుంది. అందుకే నూరే ముందు ఒకసారి, ప్రతి రాయి తరువాత ఒకసారి పదునును అంకెగా రాసి పెట్టుకోవాలి. ఇక్కడ చెప్పే కొలతలో పదును పెరిగేకొద్దీ అంకె తగ్గాలి. అది ఎక్కడ తగ్గడం ఆగిందో అక్కడే లోపం ఉంటుంది.

కొలిచే పద్ధతి

పరిశ్రమలో ఐఎస్ఓ 8442-5 ప్రమాణం ప్రకారం ఇసుక కలిపిన కార్డును కత్తితో కోయించి, ఎంత లోతు తెగిందో చూస్తారు. బెస్ అనే మరో కొలమానంలో ప్రామాణికమైన దారం తెగడానికి ఎన్ని గ్రాముల ఒత్తిడి పట్టిందో చూస్తారు. అంకె ఎంత చిన్నదైతే పదును అంత ఎక్కువ. ఈ రెండో పద్ధతిని ఇంట్లో అనుకరించడం తేలిక.

వంటింటి డిజిటల్ తూకం మీద రెండు చెక్క ముక్కలను ఎడంగా పెట్టి, వాటి మధ్య సన్నని నైలాన్ గాలపు దారాన్ని బిగించండి. తూకాన్ని సున్నాకు తెచ్చి, కత్తిని దారం మీద నిటారుగా, మెల్లగా నొక్కండి. తెగే ముందు కనిపించిన అతిపెద్ద అంకే మీ కొలత. అది క్షణంలో మాయమవుతుంది కాబట్టి ఫోనుతో వీడియో తీయడం మేలు. దారం తెగాక కత్తి తూకానికి తగలనంత ఎత్తులో దారం ఉండాలి, వేళ్లు దాని దరిదాపుల్లో ఉండకూడదు. మడమ (పిడి వైపు చివర), నడుమ, మొన దగ్గర మూడేసి సార్లు కొలిచి, ప్రతి చోటా మధ్య అంకెను తీసుకోండి.

మీ దారం ప్రామాణికమైనది కాదు కాబట్టి ఇతరుల అంకెలతో పోల్చుకోవద్దు. అదే దారాన్ని కొత్త షేవింగ్ బ్లేడుతో కోసి చూడండి, మీ కొలబద్ద అదే. దానికి మూడు నాలుగు రెట్ల లోపు ఒత్తిడితో తెగితే వంటింటి కత్తికి అది మంచి పదునని నా అభిప్రాయం.

అంకె ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

ముందు దీన్ని సరిచేయకుండా మిగతావి చూసి లాభం లేదు. దారం బిగువు మారడమో, నొక్కేటప్పుడు కత్తి ముందుకు జారడమో దీనికి కారణం. జారితే అది కోత అవుతుంది, అంకె ఉన్నదానికంటే బాగా తగ్గుతుంది. ప్రతిసారీ దారం చివర ఒకే బరువును వేలాడదీసి, ఆ బిగువులోనే టేపు అంటించండి. దారం ఒకే రీలుదై ఉండాలి.

ఎంత నూరినా అంకె తగ్గడం లేదు

రాయి కత్తి అంచు కొసను, అంటే కోసే గీతను, తాకడం లేదు. కోణం తక్కువై కొస వెనక భాగం మాత్రమే అరుగుతోంది. వాలు (అంచు వైపు ఏటవాలుగా నూరిన భాగం) మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి నాలుగు సార్లు రాయి మీద నడపండి. కొస దగ్గర రంగు మిగిలితే కత్తి వెన్నును ఇంకొంచెం ఎత్తాలి. ఎంత ఎత్తాలన్నది లెక్క కట్టవచ్చు. 45 మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తికి 15 డిగ్రీల కోణం రావాలంటే వెన్ను సుమారు 12 మిల్లీమీటర్లు, 20 డిగ్రీలకు 15 మిల్లీమీటర్లు పైకి లేవాలి. బాగా మొద్దుబారిన కత్తిని సన్నరాయి మీద పెట్టడం వృథా ప్రయాస. 400 గ్రిట్ రాయితో మొదలుపెట్టండి (గ్రిట్ అంటే రాయి గరుకును చెప్పే అంకె, అది చిన్నదైతే రాయి ముతక).

అంకె అద్భుతంగా ఉంది, మర్నాటికి పోయింది

ఇంటి సానలో ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. ఒక పక్క నూరినప్పుడు కొస దగ్గర లోహం సన్నని పొరగా లేచి అవతలి పక్కకు ఒరుగుతుంది. దాన్ని బర్ అంటారు. అది రావడం మంచిదే, రాయి కొసను చేరిందనడానికి గుర్తు. కానీ చివరకు అది పోకుండా నిటారుగా నిలబడిపోతే, దారాన్ని బ్లేడులా తెంచుతుంది, కాగితాన్ని కూడా కోస్తుంది. కోత పలక మీద నాలుగు దెబ్బలు పడగానే వంగిపోతుంది, లేదా విరిగిపోతుంది.

కనిపెట్టాలంటే కొలిచాక చెక్క పలక మీద కత్తిని మామూలుగా ఒక పదిసార్లు ఆడించి మళ్లీ కొలవండి. అంకె కొద్దిగా పెరిగితే ఫరవాలేదు. దాదాపు రెట్టింపైతే మీరు కొలిచింది బర్‌నే.

దాన్ని తీయడానికి బలం పనికిరాదు. సన్నరాయి మీద అంచు ముందుండేలా, కత్తి బరువు మాత్రమే పడేలా, ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి నడపండి. చివరి రెండు మూడు సార్లు వెన్నును వెంట్రుకవాసి ఎత్తితే బర్ మొదలంటా తెగుతుంది. తరువాత తోలు పట్టీ మీద అంచు వెనక ఉండేలా తేలికగా లాగి, మళ్లీ పలక పరీక్ష పెట్టండి. ఆ రెండో అంకెనే పుస్తకంలో రాసుకోండి.

ముతకరాయి మీద తగ్గిన అంకె సన్నరాయి మీద పెరిగింది

రాయి మారినప్పుడు చేతి కోణం మారింది, లేదా సన్నరాయి నడుమ గుంత పడింది. రాయి మీద పెన్సిల్‌తో గీతలు గీసి, అద్దం మీద పరిచిన గరుకు కాగితంపై రుద్దండి. నడుమ గీతలు చెరగకుండా ఉంటే అది గుంతే. అన్ని గీతలూ పోయేదాకా రుద్దాలి. తోలు పట్టీ తరువాత అంకె పెరిగితే మరీ గట్టిగా నొక్కుతున్నారన్నమాట. తోలు లోపలికి దిగి, కొసను గుండ్రం చేస్తుంది.

మొన దగ్గర మాత్రమే అంకె ఎక్కువ

అంచు వంపు తిరిగే చోట పిడిని కాస్త పైకి లేపాలి, లేకపోతే కోణం నిలవదు. రంగు పరీక్షను మొన దగ్గర విడిగా చేసుకోండి.

దారం తెగుతోంది, టమాటా తొక్క మీద కత్తి జారుతోంది

నొక్కుడు కోత వేరు, లాగుడు కోత వేరు. మరీ నునుపుగా మెరిసిన అంచుకు తొక్కను పట్టుకునే పళ్లు ఉండవు. 1000 గ్రిట్ రాయి మీద రెండు పక్కలా తేలికగా కొన్నిసార్లు నడిపి ఆపేయండి. వంటింటి కత్తికి అంతకుమించిన నునుపు అవసరమని నేను అనుకోను.

అంకె బాగుంది, క్యారెట్ మాత్రం తెగకుండా చీలుతోంది

ఇది పదును లోపం కాదు. దారం పరీక్ష కొసను మాత్రమే చూస్తుంది, దాని వెనక ఉన్న మందాన్ని చూడదు. ఏళ్ల తరబడి నూరేకొద్దీ అంచు పైకి జరిగి, కత్తి మందంగా ఉండే చోటికి చేరుతుంది. వాలు మొదలయ్యే చోట వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూడండి. మందం అర మిల్లీమీటరు దాటితే ముతకరాయి మీద, వెన్నును బాగా కిందికి దించి, పక్కలను అరగదీయాలి. దీనికి ఓపిక కావాలి. పని పూర్తయ్యాక కొత్త అంచు పెట్టి, మొదటి నుంచి కొలతలు రాసుకోండి.