బిల్లులో పన్ను ఎంతుందో మీరే తీసి చూసుకోండి

రాజమండ్రిలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో 2014 నుంచి బిల్లింగ్ కౌంటర్ చూస్తున్నాను. టీవీ, ఫ్రిజ్, ఏసీ, ఏది అమ్ముడుపోయినా దాని బిల్లు నా చేతి మీదుగానే బయటికి వెళ్తుంది. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటే. రేటు దగ్గర గంటసేపు బేరమాడే మనిషి కూడా బిల్లు చేతికి రాగానే నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటాడు. అందులో పన్ను ఎంతో, ఎందుకో చూడడు. అందుకే ఇది రాస్తున్నాను.

2025 సెప్టెంబర్ 22, సోమవారం, దసరా నవరాత్రులు మొదలైన రోజు. ఏసీల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది ఆ రోజే. మేం షట్టర్ ఎత్తేసరికే కోరుకొండ నుంచి ఒక పెద్దాయన వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అంతకుముందు వారం 40,000 చెప్పిన ఏసీ కోసం ఆగి ఆగి వచ్చారాయన.

"ఏమ్మా, పది శాతం తగ్గించారంట కదా. నలభై వేలకి నాలుగు వేలు పోతే ముప్పై ఆరు వేలు. మీ కుర్రాడేమో 36,875 అంటున్నాడు. ఆ ఎనిమిది వందల డెబ్బై అయిదు మీరు ఉంచేసుకుంటున్నారా?"

"లేదు బాబాయ్ గారూ, ఇలా కూర్చోండి, లెక్క మీరే కొట్టండి" అని కాలిక్యులేటర్ ఆయన చేతికిచ్చాను.

ఆ 40,000లో పన్ను లోపలే కలిసి ఉంది. 100 రూపాయల సరుకు మీద 28 పన్ను వేస్తే 128 అయింది. కాబట్టి ముందు ఆ పన్నును బయటికి తీయాలి. 40,000ని 128తో భాగించి 100తో గుణించమన్నాను. 31,250 వచ్చింది. సరుకు అసలు విలువ అది. దానిమీద ఇప్పుడు 18 శాతం వేస్తే 5,625. రెండూ కలిపితే 36,875. తగ్గింది 3,125, అంటే పాత ధర మీద 7.8 శాతం. పది శాతం తగ్గింది పన్ను రేటు. చేతినుంచి పోయే డబ్బులో తేడా మాత్రం ఎనిమిది శాతం లోపే. పెద్దాయన రెండోసారి తనే కొట్టి చూసుకుని, వెనక నుంచున్న ఇద్దరికి కూడా చెప్పారు.

ఈ లెక్క ఒక్కటి వస్తే చాలు, సగం టెన్షన్ పోతుంది. ఇప్పుడు ఇంట్లోకి కొనే ఎలక్ట్రానిక్స్ దాదాపు అన్నిటికీ 18 శాతమే కాబట్టి, ఫైనల్ రేటును 18తో గుణించి 118తో భాగించండి. వచ్చింది అందులో ఉన్న పన్ను. 11,800 పెట్టి ఫోన్ కొంటే అందులో పన్ను 1,800. నోటిలెక్కగా కావాలంటే ప్రతి వెయ్యిలోనూ 152 రూపాయల చిల్లర పన్ను అనుకోండి, సరిపోతుంది.

దేనిమీద ఎప్పుడు తగ్గిందో కూడా తెలిసుండాలి. లేకపోతే "జీఎస్టీ తగ్గింపు" అని బోర్డు పెట్టిన ప్రతిచోటా మోసపోతాం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ అన్నీ 28లో ఉండేవి. ఆ నెలంతా కౌంటర్ దగ్గర గొడవే. అంతకుముందు నెల వరకు మా బిల్లు మీద కనిపించింది 14.5 శాతం వ్యాట్, అంటే జీఎస్టీకి ముందు రాష్ట్రం వేసిన అమ్మకం పన్ను. ఫ్యాక్టరీ దగ్గర కట్టిన ఎక్సైజ్ సుంకం ధరలోనే కలిసిపోయి వచ్చేది, బిల్లు మీద కనిపించేది కాదు. దాంతో 14.5 చూసిన కళ్లకి 28 కనిపించేసరికి పన్ను రెట్టింపయిందనే అనుకున్నారు అందరూ. 2018 జూలై 27 నుంచి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ, గ్రైండర్, గీజర్, ఇస్త్రీపెట్టె, చిన్న టీవీలు 18కి దిగాయి. 2019 జనవరి 1 నుంచి 32 అంగుళాల వరకు టీవీలు కూడా. సెల్‌ఫోన్ మాత్రం ఎదురు నడిచింది. 12 శాతం ఉన్నది 2020 ఏప్రిల్ 1 నుంచి 18 అయింది.

అంటే 2025 సెప్టెంబర్‌లో తగ్గింది ఏసీ, 32 అంగుళాలు దాటిన టీవీ, 32 అంగుళాలు దాటిన కంప్యూటర్ మానిటర్, ప్రొజెక్టర్, డిష్‌వాషర్. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, సెల్‌ఫోన్, లాప్‌టాప్ అప్పటికే 18లో ఉన్నాయి, అక్కడే ఉన్నాయి. ఎవరైనా "జీఎస్టీ తగ్గింది కాబట్టి ఈ ఫ్రిజ్ మీద మూడు వేలు తగ్గించాం" అంటే, ఆ మూడు వేలు షాపువాళ్లో కంపెనీవాళ్లో ఇచ్చిన డిస్కౌంట్. తీసుకోండి, తప్పులేదు. కాకపోతే దాన్ని పన్ను పేరుతో నమ్మి బేరం ఆపేయకండి. ఇంకా తగ్గే వీలుందేమో అడగండి.

ఇంకో సంగతి. పన్ను తగ్గినా ధర మళ్లీ పెరగొచ్చు. ఏసీ కరెంటు ఎంత ఆదా చేస్తుందో చెప్పే స్టార్ లేబుల్ నిబంధనలు 2026 జనవరి 1 నుంచి గట్టిపడ్డాయి, వాటిని అందుకునే మోడల్‌కి ధర ఎక్కువ పడొచ్చు. 2025 నాటి 5 స్టార్ మోడల్ కొత్త లెక్కలో 4 స్టార్‌కి దిగొచ్చు. కాబట్టి రెండు ఏసీల ధరలు పోల్చేటప్పుడు స్టార్లు మాత్రమే చూడకుండా లేబుల్ మీద ఏ సంవత్సరం ఉందో కూడా చూడండి.

ఇప్పుడు రేటు అడిగే పద్ధతి. డబ్బా మీద ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. దాని మీద మళ్లీ "ప్లస్ జీఎస్టీ" అనడానికి ఎవరికీ హక్కు లేదు. కొన్ని షాపుల్లో ఎంఆర్‌పీ కంటే బాగా తక్కువ రేటు చెప్పి, బిల్లు దగ్గరికొచ్చాక "జీఎస్టీ ఎక్స్‌ట్రా అండి" అంటారు. 20,000 అన్నది 23,600 అవుతుంది. అందుకే మొదటి మాటగానే "అన్నీ కలిపి నేను కట్టాల్సింది ఎంత?" అని అడగండి. అంకె వాళ్ల చేతే కాగితం మీద రాయించుకోండి. ఏసీ అయితే ఫిట్టింగ్ చార్జీ, బయటి యూనిట్‌కి స్టాండు, అదనపు కాపర్ పైపు, స్టెబిలైజరు వేరే. వీటన్నిటి మీదా 18 శాతం ఉంది. ఏసీ రేటులో వెయ్యి తగ్గించుకున్న ఆనందం పైపు అడుగుల లెక్క దగ్గర పోతుంది. మీ ఇంట్లో రెండు యూనిట్ల మధ్య దూరం ముందే టేపుతో కొలుచుకుని వెళ్లండి.

ఎక్స్ఛేంజ్ దగ్గర వచ్చే గొడవ నాకు ఇంచుమించు రోజూ ఉంటుంది. "నేను పాత ఫోనిచ్చి 20,000 కట్టాను, మీరు 24,000 మీద పన్ను వేశారేంటి?" అంటారు. రూలే అలా ఉంది. జీఎస్టీ నిబంధనల్లో 27వ రూలు కింద ఇచ్చిన ఉదాహరణే ఇది. పాత ఫోన్ లేకుండా 24,000కి అమ్మే ఫోన్‌ని, పాతది తీసుకుని 20,000కి ఇస్తే, పన్ను లెక్కకి విలువ 24,000. మీ పాత ఫోన్ కూడా డబ్బు కిందే లెక్క. దీనివల్ల మీమీద కొత్తగా భారం పడదు, ఆ 24,000లో పన్ను ఎలాగూ కలిసే ఉంది. మీరు చూడాల్సింది వేరే. ఎక్స్ఛేంజ్ ఉందని తెలియగానే కొందరు కొత్తదాని రేటు పైకెత్తి, పాతదానికి బాగా ఇచ్చినట్టు చూపిస్తారు. అందుకని ముందు పాతదాని ఊసెత్తకుండా కొత్తదాని ఫైనల్ రేటు తేల్చుకోండి. ఆ తర్వాతే సంచిలోంచి పాత ఫోన్ తీయండి.

"నో కాస్ట్ ఈఎంఐ", అంటే వడ్డీ లేని నెలవాయిదాలు అన్నది, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే పూర్తిగా నో కాస్ట్ అవ్వదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీకి సమానంగా షాపు ముందే ధర తగ్గిస్తుంది. అక్కడికి సరి. కానీ క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అది మీ నెత్తినే పడుతుంది. వడ్డీ మొత్తం 2,000 అయితే 360 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దాని మీద ఇంకో 35 రూపాయల 82 పైసలు. ఇవి మా బిల్లులో కనిపించవు. నెల తర్వాత కార్డు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి, అప్పుడు అందరూ షాపుకి ఫోన్ చేస్తారు. ఫైనాన్స్ కంపెనీ లోనైతే వడ్డీ మీద జీఎస్టీ లేదు, ఫీజుల మీదే ఉంది. అక్కడ అడగాల్సింది ఫీజు ఎంత అని.

ఇక బిల్లు. ఈ ముక్క దగ్గర నా మాట కాస్త గట్టిగా ఉంటే ఏమనుకోవద్దు, ఇది మా ఇంట్లోనే జరిగింది. నాకు బిల్లుల పని తెలియకముందు కాదు, నేను కౌంటర్లో కూర్చుంటున్న రోజుల్లోనే. మా అమ్మ తణుకులో ఉంటుంది. అక్కడొక షాపులో వాషింగ్ మెషీన్ తీసుకుంది. "బిల్లు వద్దనుకుంటే 1,500 తగ్గిస్తామన్నార్రా, తెలిసినవాళ్లే" అని నాకు కొన్నాక చెప్పింది. చేతిలో ఉన్నది ఎస్టిమేషన్ అని పైన రాసున్న పసుపు చీటీ. పద్నాలుగు నెలలకి లోపల బోర్డు పోయింది. రెండేళ్ల వారంటీ ఉంది కదా అని సర్వీసు వాళ్లని పిలిస్తే, కొన్న తేదీకి బిల్లు చూపించమన్నారు. ఆ పసుపు చీటీ చెల్లదన్నారు. 4,800 కట్టి బోర్డు వేయించాం. షాపుకెళ్లి అడిగితే "బిల్లు వద్దంది మీరే కదా" అన్నారు. అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు.

కాబట్టి సరైన బిల్లు ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోండి. పైన టాక్స్ ఇన్వాయిస్ అని ఉండాలి. షాపు జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. అనుమానముంటే జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడండి, లాగిన్ అక్కర్లేదు, షాపు పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. ఒకే రాష్ట్రంలో కొంటే పన్ను రెండు 9 శాతాలుగా విడగొట్టి కనిపిస్తుంది, ఒకటి కేంద్రానికి, ఒకటి రాష్ట్రానికి. ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రం నుంచి వస్తే ఐజీఎస్టీ అని ఒకే 18 ఉంటుంది. మీరు కట్టేది ఏ దారిలోనైనా అంతే. వస్తువు సీరియల్ నంబరు బిల్లు మీద ఉందో లేదో డబ్బాతో సరిచూడండి. సెల్‌ఫోన్‌కైతే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఒక్క ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబరు.

చిన్న షాపుల్లో కొన్ని కాంపోజిషన్ స్కీములో ఉంటాయి, అంటే కొనేవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకుండా తమ అమ్మకాల మీద కొద్ది శాతం తామే కట్టే పద్ధతి. వాళ్ల బిల్లు మీద బిల్ ఆఫ్ సప్లై అని ఉంటుంది, పన్ను వసూలు చేసే అర్హత లేదని కూడా రాసుంటుంది. వాళ్లు విడిగా జీఎస్టీ అని ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అది దొంగబిల్లు కాదు, వారంటీకి పనికొస్తుంది.

వ్యాపారం ఉన్నవాళ్లకి ఇంకో మాట. బట్టల షాపుకి ఏసీ కొంటున్నా, ఆఫీసుకి లాప్‌టాప్ కొంటున్నా, బిల్లు ప్రింటు కొట్టకముందే మీ జీఎస్టీ నంబరు చెప్పండి. ఆ 18 శాతం మీరు కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటు అవుతుంది. 36,875 ఏసీలో 5,625 అంటే చిన్న మొత్తం కాదు. అలా తీసుకున్న పన్ను మీద మళ్లీ తరుగుదల చూపించకూడదు, ఈ సంగతి మీ ఆడిటర్ గారికి గుర్తుచేయండి. 5 శాతం జీఎస్టీ మీద నడిచే హోటళ్లకి, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకి ఈ సౌకర్యం లేదు.

ఎంఆర్‌పీకి మించి తీసుకున్నా, బిల్లు ఇవ్వనన్నా 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఫోన్ చేసే ముందు చీటీనో, డబ్బులు పంపిన స్క్రీన్‌షాటో దగ్గర పెట్టుకోండి.

మా కౌంటర్లో మెషీన్ నుంచి వచ్చే బిల్లు కాగితం థర్మల్ రకం. ఎండలో బండి డిక్కీలో రెండు నెలలు ఉంటే అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితం అవుతుంది. ఇంటికెళ్లగానే ఫొటో తీయండి, ఒక జిరాక్స్ కూడా తీయించి పెట్టండి. మా అమ్మ ఇప్పుడు మిక్సీ జార్ మార్పించినా బిల్లు అడిగి తీసుకుంటోంది. ఫొటో తీసి నాకు వాట్సాప్ చేసి, కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెడుతోంది.