బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు మూడేళ్ల లెక్క వేయండి

షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు నెలకి 500 అనగానే సరే అనేయకండి. ఆ 500 మనిషికా, షాపు మొత్తానికా? మనిషికైతే కౌంటర్లో ఇద్దరు, అకౌంట్స్ చూసే ఒకరు కలిపి నెలకి 1,500, ఏడాదికి 18,000. దాని మీద 18% జీఎస్టీ కలిపితే 21,240. మూడేళ్లకి 63,720. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఆ జీఎస్టీని మీరు కట్టే పన్నులో తగ్గించుకునే క్రెడిట్ కూడా రాదు, పూర్తిగా మీ జేబులోంచే. మొదటి ఏడాది తగ్గింపు ఇస్తుంటే రెండో ఏడాది రెన్యువల్ ధర కొటేషన్‌లోనే రాయించుకోండి.

అసలు పెద్ద ఖర్చు ఆ సాఫ్ట్‌వేర్ వదిలేసి వేరేదానికి మారేటప్పుడు తగులుతుంది. డెమోలోనే పది సరుకులు ఎక్కించి, నాలుగు బిల్లులు కొట్టి, సరుకుల జాబితా, స్టాకు, ఖాతాదారుల బాకీలు ఎక్సెల్‌లోకి దించి చూడండి. 13 అంకెల బార్‌కోడ్ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకుని తెరవాలి. లేకపోతే ఎక్సెల్ దాన్ని కుదించి చూపిస్తుంది, అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలు) సేవ్ చేస్తే చివరి అంకెలు సున్నాలైపోతాయి. తర్వాత వేల సరుకులు చేత్తో మళ్లీ కొట్టాల్సిందే.

మీ డేటాని ఎక్సెల్‌లో కాకుండా పీడీఎఫ్‌గా మాత్రమే ఇస్తామంటే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కదా, చందా ఆపేశాక పాత బిల్లులు తెరుచుకుంటాయో లేదో కూడా రాతపూర్వకంగా అడగండి.